ఊరేగింపన్నారుగా!

మెర్విన్‌ని చంపింది మీరే. గోడలెక్కి చప్పట్లు కొట్టిన మీరే.

పాతకాలపు రెండొందల యాభై సీసీ పందెపు మోటారుసైకిళ్లు, అరవై దాటిన రైడర్లం. "పందెం కాదు, ఊరేగింపే" అంటూ పందేల కమిటీ, గుద్దుకున్నా దెబ్బ తగలకుండా ఊరి రోడ్ల మలుపుల్లో గోడలకు కట్టిన గడ్డిమోపులు ముందే తీయించేసింది.

"మెల్లగా పోరా నోయెల్, ఊరేగింపట!" మెర్విన్ నవ్వాడు.

"నువ్వు ముందుంటే మెల్లగానేగా, ముసలోడా!" అన్నాను.

ఊరేగింపులో చుట్టుచుట్టుకీ మా టైములు లెక్కగట్టి, బోర్డు మీద రాసి మాకు చూపించిందెవరు? ఈలలేసిందెవరు? చర్చి మలుపులో మెర్విన్ ఉత్త రాతిగోడకు గుద్దుకున్నాడు.

నా డిమాండ్లు ఇవి:

ఊరేగింపుకైనా గడ్డిమోపులు కట్టాలి.

టైములు చూపించకూడదు.

ఆ మలుపులో అతన్ని గోడవైపు నెట్టుకుంటూ దాటిపోయిన నన్ను మళ్లీ బండెక్కనివ్వకూడదు.