ఇంకో మూర

అసిరయ్య గునపం ఎత్తి పక్కింటి అరుగు మీద వేశాడు. సిమెంటు పెచ్చు లేచి సింహాచలమ్మ కాళ్ళ దగ్గర పడింది.

“ఏటిది బావా! పిచ్చెక్కిందేటి?” అని ఆమె కేక వేసింది.

“పిచ్చే! మీ అరుగులే నా ఆడదాన్ని సంపేసినాయి. ఆస్పత్రి బండి గల్లీ మొగలోనే ఆగిపోనాది. రత్నాన్ని మంచమ్మీద మోసుకెల్తే సగం దారిలోనే పానం పోనాది. నెల తిరగనేదు, మళ్ళా దీని మీదే ట్రాన్సిస్టరు పెట్టుకుని కూకుంటన్నారు!”

ఉక్కు కార్ఖానా పక్కనున్న బిర్సానగర్‌లో, వలసొచ్చిన తెలుగువాళ్ళ గల్లీ అంతా గుమిగూడింది. ఒకప్పుడు లారీ తిరిగిన దారి అది. రెండు వైపులా అరుగులు ముందుకొచ్చి ఇప్పుడు రిక్షా దూరితే గొప్ప.

“ఛోడో చాచా, ఝగడా మత్ కరో” అని గొడవ వద్దని సర్దిచెప్పబోయాడు ఎదురింటి బలరామ్.

“నోర్ముయ్యరా. దీని తరవాత మీదే.”

గునపం మళ్ళీ దిగింది. అరుగు మూల విరిగింది.

సింహాచలమ్మ మొగుడు పోలరాజు బయటికి వచ్చాడు. తాపీమేస్త్రీ. గల్లీలో అరుగులన్నీ అతని చేతివే.

“ఈదన్నాక మొదట్లో ఉన్నట్టే ఉంటాదేటన్నా? మనుషులు పెరిగినారు, ఇళ్ళు ముందుకొచ్చినాయి. నీ గుమ్మం ముందరా అరుగుంది కదా.”

“నాను రూర్కెలా పనికెల్లినప్పుడు గల్లీ అంతా కట్టేత్తే, అది సూసి రత్నం మాదీ కట్టించింది. తిరిగొచ్చిన రోజే సెప్పింది నాకు. దాన్నీ పీకేత్తాను. ముందు నువ్వు సెప్పు. మొట్టమొదట ఈదిలోకి జరిగినోడెవడు?”

పోలరాజు నోరు తెరవబోయాడు.

“ఒద్దు, సెప్పకు” అంటూ సింహాచలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

“సెప్పరా! ఆడి కొంప కూలిపోను! రత్నం ఉసురు ఆడికి తగలకుండా పోద్దా?”

పోలరాజు విరిగిన తన అరుగు వైపు చూశాడు. పెళ్ళాం చెయ్యి విదిలించుకున్నాడు.

“మొదటిది మీదే. దాని అంచుకి దారం కట్టే ఈ వరసంతా కట్టినాను, ఎదర వరస దాని కొలతే. ‘డూటీ నుంచొచ్చి మా ఆయన నడుం వాలుత్తాడు, ఇంకో మూర ముందుకి లాగు పోలరాజూ’ అని వదినే దగ్గర నిలబడి కట్టించింది.”