కంచె కోసం విందు

"గుంటలోంచి బయటికి రా, డెల్మర్! ఇంకో పార మట్టి లేచిందంటే పోలీసుల్ని పిలుస్తా," అని అరిచింది వెర్నా.

డెల్మర్ రాలేదు. మట్టిలోంచి పొగతాగే పాత మట్టి పైపు ఒకటి ఏరి, చొక్కాకు తుడిచి బకెట్‌లో పడేశాడు. విరిగినవాటిని బూటుతో తొక్కుకుంటూ పోయాడు.

ఒకప్పుడు వర్జీనియా పొగాకును ఊరూరా తాగించిన పైపుల ఫ్యాక్టరీ స్థలం అది. దాన్ని దొంగల నుంచి కాపాడాలని వెర్నా ఏడాదిగా చందాల కోసం గడప గడపా తిరుగుతోంది.

"మీ అవ్వ చేత్తో చేసిన పైపులు కూడా అందులో ఉంటాయి కదరా, సిగ్గులేదూ?"

"నన్నంటావేంటి? చైర్మన్ గారే తవ్వమన్నాడు. అదుగో, ఆయన్నే అడుగు."

ఆ స్థలం పరిరక్షణ సంఘం చైర్మన్ ర్యాగ్లండ్ కారు దిగి, నేరుగా బకెట్‌లోకి తొంగిచూశాడు.

"ఇవేం సరిపోతాయిరా? సాయంత్రం విందుకి ఊరంతా వస్తోంది."

"విందుకి ఇవెందుకు?" అంది వెర్నా.

"అదేంటమ్మా, పిలుపులు పంచింది నువ్వే కదా! చందా ఇచ్చినవాళ్లందరికీ అసలైన పాత పైపు బహుమతి అని."

"మీ ఇంటి అద్దాల బీరువాలో ఉన్నవి ఇస్తారనుకున్నాను."

"నావా? భలేదానివే! ఎందుకమ్మా ఆ మొహం? ఈ చందాలతో సోమవారమే కంచె వేయించేస్తాం. ఇక ఒక్క దొంగవెధవ లోపల కాలుపెట్టలేడు."

"అప్పటికి లోపల ఏం మిగులుతుంది?"

"బోర్డు ఉంటుందిగా! కాపాడినవాళ్లలో మొదటి పేరు నీదే వేయించాను."

వెర్నా డెల్మర్ చేతిలోంచి పార లాక్కుంది. బకెట్‌ను గుంటలో బోర్లించి మట్టి కప్పసాగింది.

"ముందు ఆ పేరు కొట్టేయించండి," అంది.