గొళ్ళెం పెట్టని తలుపు

సోమశిల రేవులో లాంచీ ఎక్కకముందే కోమల మొదటి అబద్ధం ఆడేసింది.

"ఒక్కదానివేనా చెల్లె?" అంది వెనక నిలబడ్డ సావిత్రమ్మ. ఆమె వెంట భర్త, ఇద్దరు కోడళ్లు, బిందెడు పులిహోర ఉన్నారు.

"లేదక్కా, మా ఆయన ముందే ఎక్కి పండుకున్నడు."

ఆ సమయానికి ఆయన మోత్కూరులో, వంటింట్లో, ఉప్పు డబ్బా వెతుక్కుంటూ ఉండాలి.

నలభై నాలుగేళ్ల వయసులో ఇంటి మనుషులెవరూ లేకుండా కోమల చేస్తున్న మొదటి ప్రయాణం ఇది. శ్రీశైలం దాకా నీళ్ల మీద ఒక పగలంతా. ఆ పగలంతా ఎవరూ ఏమీ అడగకూడదని ఆమె కోరిక.

లోపల కూర్చోగానే పక్కన కొత్త పెళ్లికూతురు అడిగింది.

"భయం గాదా ఆంటీ?"

"నాకు ఈత వస్తది. పోటీలల్ల కప్పులు గెల్చిన."

బకెట్టు కంటే లోతైన నీళ్లలో ఆమె ఎన్నడూ చెయ్యి పెట్టలేదు.

ఇక నిజం చెప్పింది ఒక్క యాదగిరికే. లాంచీ నడిపేవాడు అతనే.

"చింతగట్టు అనే ఊరు మునిగిన జాగా తెలుసా అన్నా?"

"ఎందుకు తెల్వదు? బువ్వలు తిన్నంక వస్తది. చెప్త తియ్."

కోమల సంచిలో, రుమాలులో, రెండు గాజులున్నాయి. పోయినేడు కన్నుమూసిన తల్లి పుల్లమ్మవి. పుల్లమ్మ పుట్టిల్లు చింతగట్టులో. శ్రీశైలం డ్యాం నీళ్లు వచ్చినప్పుడు ఊరంతా తలుపులు, దూలాలు పీక్కొని పోయారట. పుల్లమ్మ మాత్రం తలుపును ముట్టనివ్వలేదు. గొళ్ళెం కూడా పెట్టనివ్వలేదు.

"ఎవరన్న వస్తే?" అనేది.

ఎవరొస్తారో ఎన్నడూ చెప్పలేదు. పోయేముందు మాత్రం, "నా గాజులు మా ఇంటి కాడ వెయ్యి బిడ్డా" అంది.

ఎదురు సీట్లో, రేవులో సావిత్రమ్మ వెనకే నిలబడ్డ ముసలాయన కూర్చున్నాడు. ఉత్త కాళ్లు. చెప్పులేమో ఒళ్లో, గుడ్డ సంచిలో. ఎక్కినప్పటి నుంచీ కోమలనే చూస్తున్నాడు.

"నీ మొఖం యాడనో సూసినట్టున్నది బిడ్డా."

ఈ మాట వినని ఆడమనిషి బస్సెక్కి ఉండదు. 'డెబ్బై దాటినా మానరు' అనుకుంది కోమల.

"మీ అమ్మది ఏ ఊరు?"

"హైదరాబాదు. మా అమ్మమ్మది గూడ హైదరాబాదే."

అబద్ధమాడితే కొసరు వేయడం ఆమెకు అలవాటు.

"గట్లనా," అన్నాడాయన. తల తిప్పుకుని నీళ్లకేసి చూశాడు. మందు ఇంత త్వరగా పనిచేసినందుకు కోమల సంతోషించింది.

లాంచీ కదులుతున్నట్టే లేదు. కొండలే ఒక్కొక్కటి వచ్చి, తొంగిచూసి, వెనక్కి పోతున్నాయి. ఎండ నీళ్ల మీద పడి లాంచీ పైకప్పు మీద అలలు గీస్తోంది. కోమలకు కళ్లు మూతలు పడ్డాయి. కింద ఎక్కడో ఒక తలుపు మెల్లగా తెరుచుకుంటోంది, మెల్లగా మూసుకుంటోంది. చేపలు అడక్కుండానే ఇంట్లోకి వచ్చి, పొయ్యి చుట్టూ తిరిగి, అడక్కుండానే పోతున్నాయి. ఒక్కటీ 'ఒక్కదానివేనా?' అనలేదు.

పెళ్లికూతురి నవ్వుకు మెలకువ వచ్చింది. అప్పటికి అందరి భోజనాలూ అయిపోయాయి.

ముసలాయన సంచిలోంచి చెప్పులు తీశాడు. తొడుక్కున్నాడు. లేచి, నడుం నిటారు చేసి, లాంచీ వెనక నుంచి ముందుదాకా టపటపమంటూ నడిచాడు. తల ఎత్తి, చేతులు ఊపుకుంటూ. మళ్లీ అంతే తాపీగా వెనక్కి వచ్చాడు. కూర్చుని, చెప్పులు విప్పి, దుమ్ము దులిపి, సంచిలో పెట్టేశాడు.

"దసరా బుల్లోడు!" అంది సావిత్రమ్మ. లాంచీ అంతా నవ్వింది. కోమల కూడా నవ్వింది, పైట నోటికడ్డం పెట్టుకుని.

పొద్దు వాలుతుండగా ఒడ్డు వచ్చింది. దిగేముందు ముసలాయన కోమల దగ్గర ఆగాడు.

"పైలంగ పో బిడ్డా. మీ ఆయనను లేపు, ఇంకా పండుకునే ఉన్నట్టున్నడు."

అందరూ దిగిపోయారు. రుమాలు చేతిలో పట్టుకుని కోమల యాదగిరి దగ్గరికి పోయింది.

"అన్నా, చింతగట్టు చెప్తనంటివి?"

తాడు చుడుతున్న యాదగిరి ఆశ్చర్యపోయాడు. "దాటి శానసేపాయె గదమ్మా! పెద్దాయన చెప్పులేసుకొని నడిచిండు సూడు, అదే చింతగట్టు. మీరు గూడ సూస్తున్నరు గదా అని నేను చెప్పలె."

"ఆయనది ఆ ఊరేనా?"

"ఆ ఊరే. ఆ కాలంల వీళ్ల వాడకట్టోళ్లు దొర ఉండే గడి ముందల చెప్పులు చేతుల పట్టుకొని నడవాలె. ఈయన పదిహేడేండ్లప్పుడు ఏసుకొనే నడిచిండట. ఆ దినమే ఊరి నుంచి ఎళ్లగొట్టిన్రు. ఎన్నేండ్లకో తిరిగొచ్చేసరికి ఊరు లేదు, నీళ్లే. అప్పట్నుంచి ఏటా వస్తడు, మునిగిన గడి మీద అటొకసారి ఇటొకసారి నడిచి పోతడు. ఇగ రానన్నడమ్మా, మోకాళ్లు లేస్తలెవ్వట."

కోమల రేవు మెట్లకేసి చూసింది. పైన ఆఖరి జీపు మలుపు తిరుగుతోంది.

"నన్ను... మా అమ్మది ఏ ఊరని అడిగిండు."

"నీ వయసు ఆడోళ్లు ఎవ్వరు ఎక్కినా అడుగుతడు," యాదగిరి తాడు ముడి బిగించాడు. "చిన్న చెల్లె ఉండెనట, పుల్లమ్మని. 'నేను మళ్లొస్త, తలుపుకు గొళ్ళెం పెట్టకు' అని ఆ పిల్లకు చెప్పి పోయిండట."