చొప్ప తినే కారు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్ళు. వసారాలో నులకమంచం మీద తాత యలమందయ్య. అరుగు మీద కొత్త పగ్గాలు ఒళ్ళో పెట్టుకుని పశువుల బేరగాడు కోటయ్య. స్తంభం చాటున పదో తరగతి చదివే శ్రీరమ్య. కొట్టంలో పేడ ఎత్తుతూ, అందరికీ వినపడేలా విసుక్కుంటూ ఆమె తల్లి మల్లేశ్వరి. ఆ కొట్టంలోనే, మాటలన్నీ తమ గురించేనని తెలియక నెమరేసుకుంటున్న రెండు ముసలి ఎద్దులు.

ఇంటి యజమాని అంకారావు మాత్రం లేడు. కొత్త జీపు తేవడానికి గుంటూరు వెళ్ళాడు.

కొత్తదంటే అతనికి కొత్త. అంతకుముందు రెండేళ్ళు అతని దగ్గర తెల్లటి పెద్ద కారు ఉండేది. మిరపకి మంచి ధర పలికిన ఏడాది కొన్నాడు. లోపల ఏసీ, దూదిలాంటి సీట్లు, టేప్‌రికార్డరు. గుంటూరు దాకా పూలరథంలా వెళ్ళొచ్చేది. తారురోడ్డు దిగి ఇంటి డొంకలో అడుగుపెడితే మాత్రం నల్లరేగడిలో కూరుకుపోయేది. వానాకాలమంటే సరే. మిరప కోతల్లో, మబ్బు తునక లేని రోజుల్లో కూడా దిగబడేది. పక్కనే సాగర్ పిల్లకాలవ. ఎండ్రకాయలు గట్టుకి బొరియలు పెట్టి నీళ్ళు వదిలేస్తున్నాయని అంకారావు వాటిని తిట్టిపోసేవాడు.

ప్రతిసారీ ఈ ఎద్దులే వెళ్ళి కారుని లాక్కొచ్చేవి. ఊళ్ళోవాళ్ళు దానికి 'చొప్ప తినే కారు' అని పేరు పెట్టారు.

"మోపుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందండీ?" అని టీకొట్టు దగ్గర అడిగేవాళ్ళు.

దుక్కికి ట్రాక్టరు వచ్చాక ఎద్దులకి మిగిలిన పని అదొక్కటే. ఆ పనే వాటిని ఇన్నాళ్ళూ కొట్టంలో ఉంచింది. ముసలి ఎద్దుల్ని కోటయ్య ఎక్కడికి తోలుకెళ్తాడో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

తాత మాత్రం అన్నాడు. "ఒరేయ్ అంకారావూ, వాటిని అమ్మొద్దురా."

వద్దంటే చాలు, ఆ పని వెంటనే జరిగిపోవాలి అంకారావుకి. తాత ఆ మాటన్న రోజే కారుని అమ్మకానికి పెట్టాడు. కోటయ్యకి కబురు చేశాడు.

"నాలుగు చక్రాలూ లాగే జీపు తెస్తున్నా. అది తనంతట తాను డొంక దాటి ఇంటి ముందు ఆగిందా, ఎద్దులు నీవి. ఆగలేదా, చచ్చేదాకా నా కొట్టంలోనే ఉంటాయి," అన్నాడు.

ఆ జీపు వచ్చే రోజే ఇది.

"ఎప్పుడు వదుల్తుందో నాకీ పీడ!" కొట్టంలోంచి మల్లేశ్వరి కేకేసింది. "పేడెత్తీ ఎత్తీ నడుం పడిపోయింది. కోటయ్యా, కావాలంటే నాలుగు కాఫీలు తాగు గానీ, వీటిని వదిలి మాత్రం వెళ్ళమాక."

"అట్టా చెప్పండమ్మా. ఈ ఇంట్లో బుద్ధున్నది మీ ఒక్కరికే," కోటయ్య నవ్వాడు.

తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. శ్రీరమ్యకి తల్లి మీద ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

మల్లేశ్వరి పేడతట్ట నెత్తిన పెట్టుకుని, పార చేతపట్టుకుని, డొంక మలుపు అవతలి దిబ్బవైపు వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి కోటయ్య ఒక కునుకు తీసి లేచాడు.

మధ్యాహ్నం దాటాక హారన్ మోగింది. తాత తప్ప అందరూ డొంకలోకి పరుగెత్తారు. ఆకుపచ్చ జీపు, గుడ్డ టాపు. స్టీరింగు దగ్గర అంకారావు, పక్కన మెకానిక్ ఇమాం హుస్సేన్.

"కోటయ్యా, పగ్గాలు విప్పుకో!" అంకారావు గర్వంగా అరిచాడు.

జీపు డొంకలోకి దిగింది. గర్జించింది. మలుపు దాకా దూసుకొచ్చింది. అక్కడ నాలుగు చక్రాలూ నాలుగు వైపులా బురద చిమ్మి, బండి మెల్లగా, మర్యాదగా కూర్చుండిపోయింది.

"ఇంకేమన్నా గేర్లున్నాయా హుస్సేనూ?"

"ఉన్నవన్నీ వేసేశారండీ. బండి పొట్ట రేగడికి ఆనింది. ఇంక చక్రాలు నాలుగైనా నలభైయైనా ఒకటే."

"పొద్దున నేను నడిచెళ్తుంటే ఇక్కడ దుమ్ము లేచిందయ్యా!"

అంకారావు బురదలోంచే ఇంటికి నడిచి, తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా, గట్టు తెగ్గొట్టింది నువ్వేగా?"

"మంచం దిగాలంటేనే మనిషి కావాలి నాకు. కాలవ దాకా ఎవరు మోశార్రా?"

"పెద్దాయన కదల్లేదండీ. నేనే సాక్షి," అన్నాడు కోటయ్య దిగులుగా.

శ్రీరమ్యే ఎద్దుల్ని తోలుకెళ్ళింది. అవి రెండుసార్లు ముక్కి, మూడోసారికి జీపుని ఇంటి ముందుకి లాక్కొచ్చాయి. చూడటానికి వచ్చినవాళ్ళు ఈలలు వేశారు.

"మాటంటే మాటే," అన్నాడు అంకారావు, ఎండ్రకాయల వంశం మొత్తాన్నీ తిట్టి. కోటయ్య కొత్త పగ్గాలు చుట్టుకుని బస్సెక్కాడు.

"నా బతుకంతా పేడ పాలేనా!" అని మల్లేశ్వరి అందరికన్నా గట్టిగా గొడవపడి, ఎద్దుల్ని అదిలిస్తూ కొట్టంలోకి తోలుకుపోయింది.

కాసేపటికి శ్రీరమ్య గుప్పిట్లో బెల్లంముక్క దాచుకుని కొట్టం దగ్గరికి వెళ్ళేసరికి, అప్పటికే బెల్లం నాకుతున్న ఎద్దుల మధ్య కూర్చుని పారకంటిన కాలవగట్టు మట్టిని గడ్డితో తుడుస్తున్న మల్లేశ్వరి, కూతుర్ని చూసి, పెదాల మీద వేలుంచి, తలుపు మూసేసింది.