ఎండాకులాయన

పాపాయమ్మ బతికుండగానే ఆమె ఇల్లు తమ్ముడి పేరు మీదకు మారిపోయిందన్న సంగతి, ఆ నెల కరెంటు బిల్లు వస్తేగాని బయటపడలేదు.

బిల్లు చదివింది పక్కింటి కృపారాణి. పాపాయమ్మకు చదువు రాదు. పుట్టుకతోనే చెవుడు, మాట కూడా లేదు.

ఆత్రేయపురంలోని ఆ రెండు గదుల ఇంట్లోనే ఆమె ముప్ఫై ఏళ్లుగా పూతరేకులు తీసి బతుకుతోంది.

కృపారాణి ఆమెను రాజమండ్రి తీసుకెళ్లింది. అక్కడ లాయర్ ఆశాజ్యోతి వికలాంగుల కోసం ఉచిత న్యాయ సహాయ కేంద్రం నడుపుతోంది.

వారంలో దస్తావేజు నకలు వచ్చింది. ఇల్లు తమ్ముడు గంగరాజుకు దానం ఇచ్చినట్టుంది. కింద వేలిముద్ర. పక్కన, సైగలతో వివరించగా సమ్మతించినదని ఒక వాక్యం.

ఆ సైగలు చేసింది గంగరాజే.

ఆశాజ్యోతి కేసు వేసింది. కోర్టులో సైగల భాష తెలిసిన మనిషి ఉండాలని చట్టం చూపించి పట్టుబట్టింది. బధిరుల బడి మాస్టారు సాల్మన్ వచ్చాడు.

అతని సైగలు పాపాయమ్మకు తెలియలేదు. ఆమెవి అతనికి తెలియలేదు. గడ్డం కింద వేలు పెట్టుకుని, బయటికి చూపించి, మళ్లీ గడ్డం కిందే పెట్టుకుంది.

“ఈవిడ బడికెళ్లలేదండి. ఇవి ఆవిడ సొంత సైగలు. అవి తెలిసినవాళ్లెవరైనా ఉండాలండి,” అన్నాడు సాల్మన్.

“నాకు తెలుసండి,” అన్నాడు గంగరాజు వినయంగా.

కోర్టులో ఎవరో నవ్వారు. మనిషిని వెతుక్కోమని జడ్జిగారు వాయిదా ఇచ్చారు.

ఆ రోజుల్లోనే కేంద్రానికి ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. మాసిన తెల్లచొక్కా, గడ్డం కింద పాత కాలిన మచ్చ. రిజిస్టర్‌లో వంకరటింకరగా పేరు రాసి, ‘వచ్చిన పని’ అన్న గడి ఖాళీగా వదిలేశాడు. తర్వాత చేతులు తిప్పడం మొదలుపెట్టాడు.

“ఎవడో మూగాడండి. కాయితం లేదు, కూడా మనిషి లేడు. ఏం కావాలో తెలీట్లేదండి,” అన్నాడు అటెండర్.

ఆశాజ్యోతి ఫోన్లో ఉంది. పాపాయమ్మ సైగలు తెలిసినవాళ్ల గురించే ఎవరినో వాకబు చేస్తోంది. గది అద్దాల తలుపులోంచి ఒకసారి చూసి, ఇరవై రూపాయలిచ్చి పంపేయమంది.

అతను ఆ నోటును రిజిస్టర్ మీదే పెట్టి వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చాడు. తోడు ఎవరినైనా తెచ్చుకోమని అటెండర్ చేత చెప్పించింది. మూడోసారి వచ్చినప్పుడు గేటు దాటనివ్వొద్దంది.

పాపాయమ్మ సైగలు తెలిసిన మనిషి దొరకలేదు. ఆమె సాక్ష్యం రికార్డు కాలేదు. కేసు కొట్టేశారు. మర్నాడే గంగరాజు ఆ ఇంటికి కొత్త తాళం వేశాడు.

అప్పీలు కాగితాల మీద వేలిముద్ర కోసం ఆశాజ్యోతి ఆత్రేయపురం వెళ్లింది. పాపాయమ్మ ఇప్పుడు కృపారాణి వసారాలో కుండ బోర్లించుకుని, కూలికి రేకులు తీస్తోంది.

సాల్మన్ ఆలస్యంగా వచ్చాడు. తమ బడి పాత విద్యార్థి యుగంధర్ పోతే పెద్దకార్యానికి వెళ్లొస్తున్నానని, ఫోన్లో ఫొటో చూపించాడు.

కృపారాణి తొంగి చూసింది.

“ఈయన ఎండాకులాయన కదండీ. పొయ్యిలోకి ఎండు కొబ్బరాకులు ఇరవయ్యేళ్లుగా ఈయనే తెచ్చేవోడు. వచ్చాడంటే గంటసేపు ఇద్దరూ చేతులు తిప్పుకోటమే. బేరవేఁమో అనుకునేవోళ్లమండి.”

పాపాయమ్మ ఫొటో చూసి గడ్డం కింద వేలు పెట్టుకుంది. వీధివైపు చూపించింది. ఎప్పుడొస్తాడన్నట్టు అందరి మొహాలూ చూసింది.

సాల్మన్ తనూ గడ్డం కింద వేలు పెట్టి చూసుకున్నాడు.

“ఆ రోజు కోర్టులో ఈవిడ చెప్పింది ఇతని పేరేనండి. యుగంధర్‌కి పేరు రాసుకోవడం తప్ప అక్షరాలు రాలేదు గాని మా బడి సైగలన్నీ వచ్చు. ఈవిడ అతనికి చెబితే, అతను నాకు చెప్పేవాడు. నేను జడ్జిగారికి చెప్పేవాణ్ని. ఒక్కసారి మన దగ్గరికి వచ్చుంటే ఇల్లు నిలబడేదండి.”

ఆశాజ్యోతి ఫోన్ తీసుకుంది. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, ఆ మచ్చ దగ్గర ఆగిపోయింది.

“ఆవిడకి ఒక మాట చెప్పాలండి,” అంది.

సాల్మన్ తన చేతుల వంక చూసుకున్నాడు. “ఎలా చెప్పనండి? చెప్పగలిగినవాడు పోయాడు కదండి.”

పాపాయమ్మ ఇంకా వీధివైపే చూస్తోంది.

“మూడుసార్లు వచ్చాడండి,” అంది ఆశాజ్యోతి. “మొదటిసారి ఇరవై రూపాయలిచ్చి, రెండోసారి తోడు తెచ్చుకోమని, మూడోసారి గేటు కూడా దాటనివ్వకుండా ఆయన్ని పంపేసింది నేనే.”