ఎనిమిది చామంతులు

“బతికున్నవాళ్ళకా, పోయినవాళ్ళకా?” సమాధుల తోట ముందు పూలమ్మే ముసలామె తలెత్తకుండానే అడిగింది.

“పోయినవాళ్ళకే. ఎనిమిది చామంతులివ్వండి,” అంది యాద్విగా.

“మాటలో అమెరికా యాస తగులుతోంది గానీ, లెక్క మాత్రం మరిచిపోలేదు!”

లిథువేనియాలో, ఈ కౌనస్ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఆ లెక్క ఎలా మరుస్తారు? బేసి పూలు బతికున్నవాళ్ళకి, సరి పూలు సమాధికి. పొరపాటున పెళ్ళికి ఆరు పూలు పట్టుకెళితే వియ్యాలవారు కయ్యానికొస్తారు.

యాద్విగా ముప్ఫై ఏళ్ళ తర్వాత షికాగో నుంచి వచ్చింది. పొద్దుటినుంచీ ఊరంతా తిరిగింది. అప్పట్లో రొట్టె కోసం వరసలో నిలబడ్డ చోట ఇప్పుడు అద్దాల కాఫీ హోటలుంది. గుట్ట మీదికెక్కే ట్రాలీబస్సు మాత్రం అలాగే మూలుగుతోంది. ఆ మూలుగు వినగానే ఆమెకి ఏడుపొచ్చింది. పక్క సీట్లో నేస్తం స్తసె లేదు.

“పోయిందెవరమ్మా?” కాడలు కత్తిరిస్తూ అడిగింది ముసలామె.

“నా స్నేహితురాలు స్తసె. నిరుడు పోయిందని షికాగోలో మన ఊరివాళ్ళెవరో చెప్పారు. సమాధి ఎక్కడో వెతుక్కోవాలి.”

“ఈ ఊళ్ళో రాయి విసిరితే ఎవరో ఒక స్తసెకే తగులుతుంది. బాగా కావలసిన మనిషా?”

“ప్రాణం. కానీ నేను వెళ్ళేనాటికి మా మధ్య మాటల్లేవు. అడవిలో పుట్టగొడుగులు దొరికే తన చోటు నాకొక్కదానికే చూపించింది. నేను నోరు జారి మా అత్తగారికి చెప్పాను. వాళ్ళంతా బుట్టలతో వెళ్ళి ఊడ్చుకొచ్చారు.”

కత్తెర ఆగింది.

“కన్నకూతురికైనా చెప్పరు కదమ్మా ఆ చోటు!”

“అందుకే వచ్చాను. తప్పు నాదేనని చెప్పుకోవాలి.”

“చచ్చినవాళ్ళకి చెప్పడం తేలికే. తిరిగి తిట్టరు.”

“తిడితే ఎంత బాగుండును!” యాద్విగా కళ్ళు తుడుచుకుంది. “చెవులు చిల్లులు పడేలా తిట్టినా నిలబడి వింటాను. ఒక్కసారి దాని గొంతు వింటే చాలు.”

ముసలామె తలగుడ్డ ముందుకు లాక్కుని, గుత్తికి దారం కట్టి ఇచ్చింది. యాద్విగా తీసుకుని గేటు దాకా వెళ్ళింది.

“ఏయ్, ఆగు! ఆ గుత్తి ఇలా తే.”

యాద్విగా వెనక్కి వచ్చి ఇచ్చింది. ముసలామె దారం విప్పింది.

అందులో తొమ్మిదో చామంతి గుచ్చింది.