బాతు బాబాయికి నత్త దండం

అదొక చెరువు. ఆ గట్టున గోరువంక రోజూ సాయంత్రం ఒక అతిథిని రాతిమీద కూర్చోబెట్టి, అందరి ముందూ కబుర్లు చెప్పించేది. ఆ రోజు అతిథి నత్త.

ముందు వరసలో కూర్చున్న బాతు మాత్రం కబుర్ల కోసం రాలేదు. పొద్దున్నుంచీ దానికి తిండి లేదు. అందరూ లేచి వెళ్లగానే అతిథిని గుటుక్కున మింగుదామని చూస్తోంది.

"నత్తమ్మా, నువ్వు మరిచిపోలేని మేలు ఎవరు చేశారే?" అని అడిగింది గోరువంక.

"అదిగో, ఆ బాతు బాబాయే పిన్నీ! మొన్న వానలో ఎదురుపడితే, నన్ను చూసి కూడా ముక్కు పెట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆయన నిలబెట్టిన ప్రాణమే ఇది. దండం పెడదామంటే చేతుల్లేవు," అంటూ నత్త తలమీది కొమ్ములు వంచింది.

"ఏం బాబాయ్, ఇంత మంచితనం ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?" అంది కప్ప. గట్టంతా ఘొల్లుమంది.

అసలు సంగతి బాతుకు తెలుసు. మొన్న తన కడుపు నిండి ఉంది, అంతే. ఆ మాట చెప్పబోయింది గానీ, వంగిన ఆ కొమ్ములు చూసేసరికి ముక్కు రెక్కలో దూర్చుకుంది. తనను మంచిదని అన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

అందరూ వెళ్లాక బాతు రాతి దగ్గరికొచ్చి వీపు వంచింది.

"ఎక్కవే అమ్మా. నీ నడకతో అవతలి గట్టుకి ఎప్పటికి చేరతావు?"

దారి పొడుగునా బాతు నాచు తింటూనే ఈదింది.

"అంత నాచు తింటున్నావేం బాబాయ్?" అంది నత్త.

"ఇవాళ్టి నుంచి ఇదే బాగుంటోందే," అంది బాతు.